టోపీ తీసిన మిత్రుడు

వంటింటి బల్ల మీద ఒక టోపీ, ఒక కోటు ఉన్నాయి. రెండూ సముద్రంలో మునిగి వచ్చినవే. టోపీ వెడల్పాటి అంచు నుంచి ఉప్పునీళ్ళు ఇటుకల నేల మీదికి బొట్లుబొట్లుగా కారుతున్నాయి. కోటు ఎడమ భుజం మీద రక్తపు మరక. బల్లకి ఇవతల చేతులకి బేడీలతో క్వాకో నిలబడి ఉన్నాడు. అవతల షెరీఫ్ గిడియన్ క్రాండల్ కూర్చుని మొక్కజొన్న అట్టు తింటున్నాడు.

"కేసు అయిపోయింది," అన్నాడు షెరీఫ్, చేతులు దులుపుకుంటూ. "అట్టు కూడా."

కానిస్టేబుల్ పెలెగ్ స్వీట్ గుమ్మంలోనే ఆగి రెంటినీ చూశాడు. పేరు స్వీటే గానీ, ఆయన మాట ఒకసారి రుచి చూసినవాళ్ళెవరూ న్యూపోర్ట్‌లో రెండోసారి వడ్డించమని అడగలేదు.

"అట్టు సంగతి ఒప్పుకుంటాను," అన్నాడు స్వీట్. "కేసు ఇంకా పెనం మీదే ఉన్నట్టుంది."

కనబడకుండా పోయినవాడు ఓబెద్ పెక్‌హామ్. క్వేకర్. రాజ్యాంగ సభకి ప్రతినిధి. అమెరికాలో పన్నెండు రాష్ట్రాలు కొత్త రాజ్యాంగానికి ఒప్పుకుని పందిట్లో కూర్చున్నాయి. పదమూడోదైన రోడ్ ఐలండ్ మాత్రం గుమ్మంలో నిలబడి 'చూద్దాం' అంటోంది. ఆ చూడ్డం ఆ మధ్యాహ్నం మూడు గంటలకి ముగియాలి. సభలో అవునువాళ్ళు ఎంతమందో కాదువాళ్ళూ అంతమందే. మధ్యలో మిగిలినవాడు ఓబెద్ ఒక్కడే. ఓట్లు సరిసమానమైతే తేల్చేది అధ్యక్షుడు, ఆయన అవునువాడు. రాజ్యాంగం కోసం ఊళ్ళో అప్పటికే కొందరి అంగాలు విరిగాయి.

ఈ ఐదు రోజుల్లో ఓబెద్ నోరూ విప్పలేదు, టోపీ కూడా తీయలేదు. మొదటి దానికి సభకి కోపం వచ్చింది, రెండో దానికి అధ్యక్షుడికి. కానీ మిత్రులమని చెప్పుకునే ఆ క్వేకర్ల పద్ధతే అంత. ప్రార్థనలో దేవుడి ముందు తప్ప ఎవరి ముందూ టోపీ తీయరు. రాజునైనా, రేవులో కూలినైనా 'నువ్వు' అనే పిలుస్తారు. టోపీ తీయమని అధ్యక్షుడు చేతిగంట కొట్టీ కొట్టీ, చివరికి గంట నాలుకే ఊడిపోయింది. టోపీ ఊడలేదు.

"ఎక్కడ దొరికాయి ఇవి?" అని క్వాకోని అడిగాడు స్వీట్.

"రేవు వంతెన కింద. గుంజకి చుట్టుకుని తేలుతున్నాయి. కోటు చూడగానే ఎవరిదో తెలిసింది. మనిషి కూడా ఉంటాడేమోనని దూకాను. లేడు."

"ఎప్పుడు?"

"పన్నెండు గంట కొట్టాక. కార్ఖానాలో భోజనానికి వదిలారు."

"అంతకు ముందు?"

"తెల్లారింది మొదలు కార్ఖానాలోనే. కొవ్వొత్తులకి తిమింగలం నూనె కాస్తున్నాం. కాగు దగ్గర్నుంచి కదిలితే మేస్త్రీ చర్మం ఒలుస్తాడు. అందరూ చూశారు."

"అంతకు ముందు వీడెక్కడుంటే ఎవడిక్కావాలయ్యా?" అన్నాడు షెరీఫ్. "పన్నెండు గంట కొడుతుండగా ఓబెద్ ఈ ఇంట్లోంచి నడిచి వెళ్ళడం ఈ ఇంటావిడ కళ్ళారా చూసింది. ఆ తర్వాత కాసేపటికే వీడి చేతిలో నెత్తుటి కోటు. మధ్యలో ఏం జరిగిందో ఊహించడానికి బుర్ర అక్కర్లేదు."

"అందుకే మీరు ఊహించగలిగారు."

షెరీఫ్ విననట్టు నటించాడు. క్రాండల్ ఊళ్ళో పెద్దమనిషి. తెల్లటి పౌడర్ అద్దిన విగ్గు, దాని కింద కదలని మొహం. చూడ్డానికి విగ్గు పెట్టిన విగ్రహంలా ఉంటాడు. ఊళ్ళో కుర్రవాళ్ళు విగ్గులు మానేసి ఏళ్ళయినా ఆయన మానలేదు. ఎదురుగా ఆడవాళ్ళు కనబడితే చాలు, టోపీ తీసి నడుం దాకా వంగుతాడు. ఆ మర్యాదకి ఊరు ముచ్చటపడుతుంది.

"అయితే క్వేకర్‌ని క్వాకో చంపాడంటారు," అన్నాడు స్వీట్.

"అంతే."

"ప్రాస కుదిరింది. కేసు కుదరలేదు. బానిసగా ఉన్న ఇతన్ని దొర దగ్గర్నుంచి విడిపించి స్వేచ్ఛ ఇప్పించినవాడే ఓబెద్. అతన్ని ఇతను ఎందుకు చంపుతాడు?"

"నిన్న రాత్రి మేడమీది గదిలో వీడు ఆయనతో గట్టిగా వాదించాడు. కావాలంటే ఆవిణ్ణే అడుగు."

పొయ్యి దగ్గర నిలబడ్డ హెప్జిబా బ్లిస్, ఆ బస ఇంటి యజమానురాలు, గరిటె పైకెత్తింది. "వాదించుకున్నారని నేనెక్కడన్నాను నాయనా? క్వాకో గొంతు వినబడిందన్నాను. ఆ రెండో మహానుభావుడి గొంతు ఈ ఇంట్లో నేనెప్పుడు విన్నాను గనక!"

"దేని గురించి?" అన్నాడు స్వీట్ క్వాకోతో.

"ఓటు గురించి."

"ఎటు వేస్తానన్నాడు?"

క్వాకో బల్ల మీది టోపీ వైపు తిరిగాడు.

"అడిగింది నిన్నే."

"సభలో తను లేచి చెప్పేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పనని మాటిచ్చాను."

"బయట వీధిలో జనం ఉన్నారు. వాళ్ళలో ఒకడి చేతిలో తాడుంది."

"చూశాను."

"మరి చెబితే పనికొస్తుందేమో."

"మాటిచ్చాక పనికొస్తుందా లేదా అని చూడకూడదట. ఆయనే అన్నాడు."

షెరీఫ్ నవ్వాడు. "ఇందులో దాచడానికేముంది? నిన్న సాయంత్రం నేనే మొహం మీద అడిగాను. 'నా మనసు కాదంటోంది గిడియన్' అన్నాడు. క్వేకర్ అబద్ధం ఆడడు కదా! మనుషుల్ని ఓడల్లో తెచ్చి అమ్మే బేరాన్ని ఇంకా ఇరవై ఏళ్ళు ఎవరూ ఆపకూడదని రాసి ఉందట. అలాంటి కాగితానికి చెయ్యెత్తడట."

"మీరెందుకు అడిగారు?"

"ఊరి మేలు కోరి. మనం ఒప్పుకోకపోతే మిగతా పన్నెండూ మనల్ని పరాయి దేశం కింద లెక్కగట్టి సుంకాలు బాదుతాయి."

"ఒప్పుకుంటే ఈ రేవులో సుంకం వసూలు చేసే పెద్ద ఉద్యోగం మీకే వస్తుందని అనుకుంటున్నారు."

"అనుకునేవాళ్ళని అనుకోనీ." షెరీఫ్ లేచాడు. "మూడు గంటలకి సభ దగ్గర నేనుండాలి. వెళ్తూ వెళ్తూ వీణ్ణి జైల్లో పడేస్తాను."

"ఆ జనంలోంచి జైలు దాకా చేరతాడా?"

"అది జనం దయ. ప్రజల రాజ్యం కోసమేగా ఈ రభసంతా!"

స్వీట్ తడి టోపీని ఎత్తి లోపలికి చూశాడు. తోలు పట్టీ మడతలో తెల్లగా ఏదో అంటుకుని ముద్దయి ఉంది. గోటితో గీరి వాసన చూశాడు. సముద్రం కడగ్గా మిగిలిన వాసన చాలా కొంచెం. అయినా అది చేపల వాసన మాత్రం కాదు. టోపీ తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"మూడింటికి ఇంకా టైముంది," అన్నాడు. "ఆయన గది చూసొస్తాను. ఈలోగా ఇంకో అట్టు తినండి. ఈ ఇంట్లో మీకు ఎదురు చెప్పనివి అవే."

మెట్ల మలుపులో స్వీట్ ఆగాడు. వెనకే ఎక్కుతున్న హెప్జిబా ఆయన వీపుకి కొట్టుకుంది.

"అమ్మా, ఓబెద్ వెళ్ళడం మీరు ఎక్కణ్ణుంచి చూశారు?"

"పైగది కిటికీలోంచి బాబూ. దుప్పట్లు దులుపుతున్నాను. కింద పెరటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నా దుప్పటి చప్పుడుకి ఉలిక్కిపడి పైకి చూడబోయాడు. నేను ఆడమనిషినని గుర్తొచ్చిందేమో, చటుక్కున టోపీ తీసి ఇంత వంగి దణ్ణం పెట్టాడు."

స్వీట్ రెండు మెట్లు కిందికి దిగాడు. "టోపీ తీశాడా?"

"తీశాడయ్యా! ఐదు రోజుల్నుంచి నా బల్ల దగ్గర టోపీతోనే కూచుని తిన్నాడు. 'హెప్జిబా, ఆ ఉప్పు ఇలా అందించు' తప్ప ఇంకో మాట లేదు. చచ్చి ఏ లోకానున్నాడో మా ఆయన కూడా నన్ను అలా పిలవలేదు. ఇవాళ టోపీ తీసేసరికి, నిన్న రాత్రి నేను పెట్టిన చేపల పులుసు ఒంటబట్టింది, మనిషి మారాడు అనుకున్నాను."

"మొహం చూశారా?"

"వంగితే మొహమెక్కడ కనబడుతుంది? నడినెత్తి కనబడింది. పాపం, గుండు! ఒక్క వెంట్రుక లేదు. నడిమధ్యన చిక్కుడు గింజంత ఎర్రమచ్చ. ఇందుకా మారాజు టోపీ తీయంది, మతమని అబద్ధం చెప్పి బట్టతల దాచుకుంటున్నాడా అని జాలేసింది."

"ఈ గుండు సంగతి షెరీఫ్‌కి చెప్పారా?"

"ఆయన అడగలేదు. వెళ్ళాడా అంటే వెళ్ళాడన్నాను. అయినా ఆయనతో నాకు మాటలేంటి? దొంగ రమ్ము దాచానని నిన్న నా నేలమాళిగకి తాళం వేసి లక్క ముద్ర కొట్టిపోయాడు. ఆ పీపాలు మా ఆయన కాలం నాటివి బాబూ! ఉల్లిపాయలు అందులోనే, బంగాళాదుంపలు అందులోనే. పైగా పొద్దుట్నుంచీ ఎలకలు ఒకటే తన్నడం."

"ఎలకలు కొరుకుతాయి. తన్నవు."

"ఇవి తన్నాయి. నేను చెవిటిదాన్ని కాదు."

ఓబెద్ గదిలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. మంచం, కుర్చీ, కుర్చీ మీద మడత పెట్టిన చొక్కా. కిటికీ గట్టు మీద కొమ్ము దువ్వెన. స్వీట్ దాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. పళ్ళ మధ్య పొడుగాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. నెరిసినవి.

"అది మా నాన్న దువ్వెన," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. "నీ చేతిలో ఎందుకుంది?"

బూడిదరంగు గౌను, చంకలో ఉతికిన బట్టల మూట, చెప్పుల నిండా మట్టి. ఓబెద్ కూతురు. పేరు పేషెన్స్. ఓర్పు అలవడుతుందని పెట్టిన పేరు. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో అందరూ ఎదురుచూస్తూనే ఉన్నారు.

"నేను కానిస్టేబుల్‌ని."

"అయితే దువ్వెన పెట్టేసి మా నాన్నని వెతుకు. కింద ఆ షెరీఫ్ నన్ను ఓదారుస్తున్నాడు. 'నువ్వు ముందు లే గిడియన్, అది మా నాన్న కుర్చీ' అన్నాను. 'నువ్వు' అన్నందుకు ఆయనకి కోపమొచ్చింది."

"మీ నాన్నకి జుట్టు ఎక్కడిదాకా ఉంటుంది?"

"భుజాల దాకా. అమ్మే కత్తిరిస్తుంది. ఎందుకు?"

"ఈ మధ్యాహ్నం మీ నాన్న పెరట్లో టోపీ తీసి, వంగి, హెప్జిబా అమ్మగారికి దణ్ణం పెట్టాడు."

పేషెన్స్ పకపకా నవ్వింది. "మా నాన్నా? ఇంగ్లండు రాజు పేరుతో నడిచే కోర్టులో టోపీ తీయనందుకు వారం రోజులు జైల్లో ఉన్నాడు. పెళ్ళినాడు మా అమ్మకి కూడా..." అని, సగంలో ఆగింది. నవ్వు పోయింది. "పెట్టింది మా నాన్న కాదు."

"కాదు. మిత్రుల టోపీ, మిత్రుల కోటు, పెద్దమనుషుల అలవాటు. బట్టలు మార్చుకున్నాడు గానీ నడుం మార్చుకోలేకపోయాడు. ఆడమనిషి అలికిడి వినబడగానే అది తనంతట తనే వంగింది." స్వీట్ దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పు పేషెన్స్. గేటు దాటినవాడు మీ నాన్న కాకపోతే?"

"మా నాన్న గేటు దాటలేదు." ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

వంటింట్లో షెరీఫ్ క్వాకో బేడీల గొలుసు పట్టుకుని బయల్దేరబోతున్నాడు. వీధిలో కేకలు పెరిగాయి. స్వీట్ వీధి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం షెరీఫ్ గారూ. నేలమాళిగ చూడాలి."

"అది ప్రభుత్వం జప్తు చేసింది."

"ఓబెద్ ఈ ఇల్లు దాటలేదు. ఈవిడ ఈ ఇంట్లో ప్రతి మూలా రోజూ ఊడుస్తుంది. ఇవాళ ఊడవనిది ఆ ఒక్కటే."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? ఆవిడ చూసిందంటే..."

"ఆవిడ టోపీని చూసింది. ఓబెద్‌ని చూడలేదు. అంటే ఓబెద్ మాయమైంది పన్నెండు కొట్టకముందు. అప్పుడు క్వాకో కాగు దగ్గర ఉన్నాడు. సాక్ష్యం ఆ మేస్త్రీ. ఆయన ఎవరికీ అనుకూలంగా మాట్లాడే రకం కాదు."

"కానిస్టేబులూ!" షెరీఫ్ గొంతు పెంచాడు. "ఆ తలుపు మీద ఉన్నది ప్రభుత్వ ముద్ర. అది పగిలితే నువ్వు జైల్లో ఉంటావు."

"ముద్ర జోలికి నేనెందుకు పోతాను? నేను చట్టానికి కట్టుబడ్డవాణ్ణి."

స్వీట్ షెరీఫ్ చేతిలోంచి గొలుసు లాక్కుని, క్వాకోతో సహా నడవలోకి నడిచాడు. నడవ చివర నేలమాళిగ తలుపు. కుడివైపు తాళం, తాళం మీద ఎర్ర లక్క, లక్కలో షెరీఫ్ ఉంగరం గుర్తు. స్వీట్ దాన్ని శ్రద్ధగా చూసి, మెచ్చుకున్నట్టు తలూపి, ఎడమవైపుకి తిరిగాడు. ఎడమవైపు రెండు పాత ఇనుప మడతబందులు.

"క్వాకో, ఆ మూలనున్న గునపం ఇలా తే. బేడీలున్నా పైకెత్తడానికి రెండు చేతులూ ఒక్కటిగానే పని చేస్తాయిలే."

గునపం తలుపు కిందికి దూరింది. ఒక్క ఊపు, ఇంకో ఊపు. మడతబందులు మేకుల్లోంచి లేచాయి. తలుపు ఎడమవైపు నుంచి వాకిలంత తెరుచుకుని తాళానికి వేలాడింది. లక్క మీద గీత పడలేదు.

"అక్షరం చెక్కు చెదరలేదు. తలుపు ఊడింది," అన్నాడు స్వీట్. "మూడేళ్ళుగా రాజ్యాంగం మీద మన లాయర్లు చేస్తున్నదీ ఇదే కదా!"

రమ్ము పీపాల వెనక, బంగాళాదుంపల మీద, కాళ్ళూ చేతులూ కట్టేసి ఓబెద్ పెక్‌హామ్ పడి ఉన్నాడు. కోటు లేదు, టోపీ లేదు. భుజాల దాకా ఉన్న నెరిసిన జుట్టు ఒక పక్క నెత్తుటితో గడ్డకట్టింది. పేషెన్స్ నోట్లో గుడ్డ లాగేసింది. ముసలాయన చాలాసేపు దగ్గాడు.

"మూడు కొట్టారా?" అన్నాడు. అది మొదటి మాట. రెండో మాట మెట్ల పైన నిలబడ్డ మనిషిని చూసి. "క్వాకో, ఆ చేతులకి ఏమిటవి?"

"నిన్ను చంపినందుకు," అన్నాడు క్వాకో.

ఆయన్ని వంటింట్లోకి నడిపించుకొచ్చారు. హెప్జిబా ఆ జుట్టుని చూసి గరిటె జారవిడిచింది. అందరికంటే ముందు తేరుకున్నది షెరీఫే.

"భలే! దొరికాడు. అయితే కట్టేసి పడేసిందీ ఈ క్వాకోగాడే!"

"మీ ముద్ర వెనకా?" అన్నాడు స్వీట్. "మీరు ముద్ర కొట్టింది నిన్న. ఓబెద్ ఇవాళ పొద్దున ఈ బల్ల దగ్గర కూచుని తిన్నాడు. మధ్యలో లక్క తీసి, మనిషిని లోపల పెట్టి, మళ్ళీ లక్క పోసి ఉంగరం గుద్దిందెవరు?"

"ఉంగరం నకలు చేయించి ఉంటారు. కాదువాళ్ళు దేనికైనా తెగిస్తారు." షెరీఫ్ ఓబెద్ వైపు వంగాడు. "మిత్రమా, నిన్ను కొట్టినవాణ్ణి చూశావా?"

ఓబెద్ కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "తిన్నాక గదికెళ్ళి మౌనంగా కూచున్నాను. తర్వాత మెట్లు దిగాను. నడవలో వెనక నుంచి దెబ్బ పడింది. చూడలేదు."

"ఎవరనుకుంటున్నావు?" అన్నాడు స్వీట్.

"అనుకున్నది సాక్ష్యం కాదు పెలెగ్. చూడనిది చెప్పను."

షెరీఫ్ మొహంలో రక్తం మళ్ళీ ఆడింది. "విన్నారుగా."

"విన్నాం. ఇప్పుడు చూసినావిడ చెబుతుంది. అమ్మా, గేటు దగ్గర వంగినవాడి తల ఎలా ఉందన్నారు?"

"నున్నటి గుండు. నడిమధ్యన చిక్కుడు గింజంత ఎర్రమచ్చ," అంది హెప్జిబా. అని, నెమ్మదిగా షెరీఫ్ తలవైపు చూసింది. అందరూ చూశారు.

"గుండు ఎవరు చేయించుకుంటారు?" అన్నాడు స్వీట్. "విగ్గు పెట్టుకునేవాళ్ళు. ఈ తడి టోపీ పట్టీలో సువాసన పౌడర్ ముద్దకట్టి ఉంది. ఓబెద్ జన్మలో పౌడర్ ముట్టి ఉండడు. షెరీఫ్ గారూ, ఆ విగ్గు తీస్తే నిగ్గు తేలిపోతుంది."

"కానిస్టేబుల్ అడిగితే షెరీఫ్ విగ్గు తీయాలని ఏ చట్టంలో ఉంది?"

"పాతదాంట్లో లేదు. కొత్తదాంట్లో రాయించాలేమో..."

స్వీట్ మాట పూర్తికాలేదు. పేషెన్స్‌కి పేషెన్స్ అయిపోయింది. పొయ్యి మీంచి కుండ దించే పొడుగాటి ఇనుప కొక్కెం ఆమె చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. కొక్కెం ఒకసారి గాల్లోకి లేచింది. విగ్గు దాంతోపాటు లేచింది. తెల్లటి పౌడర్ వంటింట్లో మంచులా రాలింది.

నున్నటి గుండు. నడినెత్తిన ఎర్రమచ్చ. చిక్కుడు గింజ కన్నా కొంచెం పెద్దదే.

విగ్గుతోపాటే షెరీఫ్ సిగ్గు కూడా పోయింది. రెండడుగులు వెనక్కేసి గోడకి ఆనుకున్నాడు. కోటు లోపల్నుంచి పిస్తోలు వచ్చింది. ఒక గుండు బయటపడిందనుకునేలోగా రెండో గుండు సిద్ధమైంది. దీనికి మచ్చ లేదు. ఇది మచ్చ పెట్టే జాతిది.

పిస్తోలు స్వీట్ వైపు లేదు. ఓబెద్ వైపూ లేదు. క్వాకో గుండె వైపు ఉంది.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు షెరీఫ్. గొంతు మామూలుగానే ఉంది. "మూడు గంట కొడతారు. తలుపులు మూస్తారు. ఓట్లు లెక్కపెడతారు. అప్పటిదాకా మనమందరం ఇక్కడే క్వేకర్ల సభలోలా మౌనంగా ఉందాం. ఓబెద్, నువ్వు గడప దాటితే వీడు చస్తాడు. తిరగబడ్డ ఖైదీని కాల్చే హక్కు షెరీఫ్‌కి ఉంది. ఆ తర్వాత మీ ఇష్టం వచ్చిన కోర్టుకి వెళ్ళండి. అప్పటికి కొత్త ప్రభుత్వం, కొత్త కోర్టులు, కొత్త జడ్జీలు. వాళ్ళతో నేను భోంచేసి ఉంటాను."

స్వీట్ చెయ్యి కదలబోయి ఆగింది. దూరం ఎక్కువ.

సభ గంట మొదలైంది. ప్రతినిధుల్ని పిలిచే గంట. అది ఆగిందంటే తలుపులు మూసేసినట్టే.

ఓబెద్ లేచాడు.

"కూచో," అన్నాడు షెరీఫ్.

"టోపీ లేకుండా ఇంతసేపు ఎప్పుడూ ఉండలేదు గిడియన్. తల చల్లబడుతోంది." ముసలాయన బల్ల దగ్గరికి నడిచి నీళ్ళు కారుతున్న టోపీని రెండు చేతులతో తీసుకున్నాడు. నెత్తి దాకా ఎత్తాడు. పెట్టుకోలేదు. మరో రెండడుగులు వేసి, పిల్లవాడి తలకి టోపీ పెట్టినంత నెమ్మదిగా, దాన్ని పిస్తోలు మీద పెట్టి రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

షెరీఫ్ మీట నొక్కాడు.

చెకుముకి రాయి తడి ఉన్నిలో కూరుకుపోయింది. 'చప్' మని చిన్న చప్పుడు. నేలమాళిగలోని మందు పీపాల్లో భద్రంగా ఉంది. పిస్తోలులోని మందు మాత్రం తడిసిపోయింది.

మరుక్షణం క్వాకో బేడీల గొలుసు షెరీఫ్ మణికట్టుని గోడకేసి నొక్కింది. పిస్తోలు కింద పడింది. స్వీట్ షెరీఫ్ జేబులోంచి తాళంచెవి తీసి బేడీలు విప్పి, అవే బేడీల్ని ఇంకో చేతుల జతకి వేశాడు. కొలత సరిపోయింది.

"ఊరందరికీ టోపీ పెడదామనుకున్నారు," అన్నాడు స్వీట్. "చివరికి మీ చేతికే పెట్టించుకున్నారు."

షెరీఫ్ ఆయన్ని చూడలేదు. ఓబెద్‌నే చూస్తున్నాడు. "పో. పోయి కాదని చెప్పు. ఈ ఊరు నాశనమైపోతుంది. చూద్దువుగాని."

ఓబెద్ టోపీని పిండుతున్నాడు. నీళ్ళు ఇటుకల మీద పడ్డాయి.

"నిన్న నువ్వు అడిగినప్పుడు నా మనసు కాదంది. ఉన్నమాటే చెప్పాను. రాత్రి క్వాకో వచ్చాడు. 'నువ్వు బయట కూచుని చేతులు శుభ్రంగా ఉంచుకుంటే ఓడలు ఆగవు ఓబెద్. ఆ కాగితం నీతో పని లేకుండానే నడుస్తుంది. లోపలికెళ్ళి, వాళ్ళకి నిద్రపట్టకుండా అరిచే గొంతు ఒకటుండాలి' అన్నాడు. నాకు కోపమొచ్చింది. తెల్లారి చాలాసేపు మౌనంగా కూచున్నాను. కోపం పోయింది. అతను చెప్పింది మిగిలింది."

"అంటే?" అన్నాడు షెరీఫ్.

"అంటే, అవునంటాను. నిన్న నీకు ఒకటి చెప్పి ఇవాళ ఇంకొకటి చేస్తే అబద్ధమాడినట్టవుతుంది. అందుకని సభకి ముందు నిన్ను కలిసి చెబుదామనే మెట్లు దిగాను. అప్పుడే దెబ్బ పడింది."

షెరీఫ్ గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారాడు. నెత్తి మీద మచ్చ తప్ప మొహమంతా తెల్లబడింది.

స్వీట్ క్వాకో వైపు తిరిగాడు. "ఇది నీకు తెలుసా?"

"మనసు మారొచ్చు, తెల్లారాక చూస్తానన్నాడు. ఎటు మారుతుందో నాకు తెలుసు."

"ఆ ఒక్క ముక్క ఇందాక ఇక్కడ చెప్పి ఉంటే ఈయనే పరిగెత్తుకెళ్ళి ఆ తలుపు తీసేవాడు! నీ మెడ మీదికి తాడు వచ్చేదే కాదు."

"మాటిచ్చాను," అన్నాడు క్వాకో, మణికట్లు రుద్దుకుంటూ. గెలిచినవాడి మొహంలా లేదు అతని మొహం. "అయినా ఆ కాగితం మంచిదని నేననలేదు. ఆయన లోపల ఉండటం మంచిదన్నాను. రెండూ ఒకటి కాదు."

గంట ఇంకా మోగుతోంది. ఓబెద్ టోపీ పెట్టుకున్నాడు. నీళ్ళు చెవుల పక్క నుంచి మెడలోకి కారాయి. ఒక పక్క పేషెన్స్, ఇంకో పక్క క్వాకో పట్టుకోగా వీధి తలుపు తీసుకుని బయటికి అడుగు పెట్టాడు.

కేకలు ఆగిపోయాయి. చచ్చిపోయిన మనిషి, చంపిన మనిషి భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగుతున్నాడు. జనం రెండుగా చీలి దారిచ్చారు. ముందు వరసలో ఉన్నవాడు చేతిలోని తాడుని వీపు వెనక్కి దాచుకున్నాడు. రెండో చేత్తో, ఏం చేయాలో తెలియక, టోపీ తీశాడు.

ఓబెద్ తీయలేదు.